దొరికిన వ్రాతప్రతి, మరువబడిన దాత: బీథోవెన్ ‘మహా ఫ్యూగ్’ ఉదంతముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

2005 జూలై నెలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర శివారున ఉన్న పామర్ వేదాంత కళాశాలలో గ్రంథాలయ ఉద్యోగి ఒకరు పాత కాగితములు ఉంచే బీరువాను శుభ్రము చేస్తూ, దాని అడుగు అరలో ఒక సంగీత వ్రాతప్రతిని కనుగొన్నారు. ఎనభై పుటలు. నల్లసిరా, గోధుమరంగు సిరా, పెన్సిలు, ఎర్ర సుద్ద, అన్నియు కలగలిసిన వ్రాత. పండితులు పరీక్షించి, అది జర్మన్ సంగీతకర్త లుడ్విగ్ వాన్ బీథోవెన్ (1770-1827) స్వహస్తముతో వ్రాసినదని నిర్ధారించారు. 1890లో బెర్లిన్ నగరమున ఒక వేలములో అమ్ముడైన తరువాత ఆ ప్రతి ఏమైనదో సంగీత లోకమునకు నూటపదిహేను సంవత్సరములు తెలియలేదు. దొరికిన అయిదు నెలలలోనే, 2005 డిసెంబరు 1న, లండనులో సదబీస్ వారి వేలములో అది 11,28,000 పౌండ్లకు, అనగా సుమారు పంతొమ్మిదిన్నర లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

పత్రికలు అప్పట్లో ఈ సంగతిని నిధి దొరికిన కథగా వ్రాశాయి. ధర ఎంత, కొన్నవారెవరు అనునవే వారి ప్రశ్నలు. కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఉండవలసిన ప్రశ్నలు వేరని మా అభిప్రాయము. ఒక బాప్టిస్టు వేదాంత కళాశాల బీరువాలోనికి బీథోవెన్ ఎట్లు వచ్చాడు? అర్ధ శతాబ్దము అక్కడే ఉండి ఎవరి కంటా ఎందుకు పడలేదు? కనుగొన్నవారు దానిని అమ్మివేయుట సరియేనా? ఈ ప్రశ్నలకు జవాబు వెదుకుటకు ముందు ఆ ప్రతిలోని సంగీతమును గూర్చి కొంత చెప్పుకొనక తప్పదు. ఏమి పోయిందో తెలియనివారు ఏమి దొరికిందో చెప్పలేరు గదా.

ప్రతిలోని సంగీతము

బీథోవెన్ పేరు వినగానే మనవారికి సింఫనీలు గుర్తుకువస్తాయి. ఆయన ‘ఫిడేలియో’ అను ఒకే ఒక ఒపేరా వ్రాసి, దానిని 1805 నుండి 1814 వరకు పదే పదే తిరగవ్రాసినాడు. మిస్సా సొలెమ్నిస్ అను మహా ఆరాధన సంగీతమును తన శిష్యుడును ఆర్చిబిషప్పును అయిన రుడాల్ఫ్ ప్రభువు కొరకు వ్రాసినాడు. జీవితపు చివరి సంవత్సరములలో, వినికిడి బొత్తిగా పోయిన కాలములో, ఆయన ఎక్కువగా వ్రాసినవి నాలుగు తీగవాద్యముల కృతులు, అనగా రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించేవి. 1825లో పూర్తిచేసిన 130వ సంఖ్య కృతికి చివరి భాగముగా వ్రాసినదే ఈ ‘మహా ఫ్యూగ్’. దీనిని కూడ ఆ రుడాల్ఫ్ ప్రభువుకే అంకితము చేశాడు.

ఫ్యూగ్ అనగా ఏమి? ఒక గొంతు ఒక స్వరవాక్యమును ఒంటరిగా మొదలుపెడుతుంది. అది ముగియగానే రెండవ గొంతు అదే వాక్యమును వేరొక స్థాయిలో అందుకుంటుంది. మొదటి గొంతు ఊరుకొనక దానికి ఎదురుగా మరొకటి పాడుతుంది. పిమ్మట మూడవది, నాలుగవది. మన కీర్తనలలో ఇట్టి పద్ధతి లేదు. మనది ఒకే రాగధార; అందరూ దానినే పాడుతారు. నాలుగు గొంతుల పాటలు నేర్చిన క్వయరులలో ఉన్నవారికి కొంత అర్థమగును గాని, అక్కడ కూడ సోప్రానో ముందు నడుస్తుంది, తక్కినవి దానిని మోస్తాయి. ఫ్యూగ్‌లో మోసేవాడు, మోయబడేవాడు అను తేడా లేదు. బీథోవెన్ ఈ పద్ధతిని 741 కొలతల పొడవున, పావుగంటకు పైగా, వాద్యకారుల శక్తిని మించునంత కఠినముగా నడిపించాడు. కొన్నిచోట్ల కట్టుదిట్టముగాను కొన్నిచోట్ల స్వేచ్ఛగాను సాగునది అని తానే దాని శీర్షిక క్రింద వ్రాసుకున్నాడు.

1826 మార్చి 21న వియన్నాలో మొదటిసారి దీనిని వాయించినప్పుడు శ్రోతలు మధ్యభాగములను మరల వాయించమని అడిగారు. ఫ్యూగ్ మాత్రము ఎవరికీ మింగుడుపడలేదు. ఒక విమర్శకుడు అది తనకు చీనా భాషవలె ఉన్నదని వ్రాశాడు. ప్రచురణకర్త మథియాస్ ఆర్తారియా దానిని కృతి నుండి వేరుచేసి విడిగా అచ్చువేయుదుమనియు, కృతికి తేలికైన మరొక ముగింపు వ్రాసి ఇమ్మనియు కోరాడు. మొండివాడని పేరుపొందిన బీథోవెన్ ఇందుకు ఒప్పుకొన్నాడు. ఎందుకు ఒప్పుకొన్నాడో అని సంగీత చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ దినములలో రికార్డులు లేవు. పెద్ద కృతులను ఇంటిలో వినవలెనంటే ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చొని నాలుగు చేతులతో వాయించుకొనుటయే మార్గము. ఫ్యూగ్‌కు అట్టి రూపము తయారుచేయుటకు ఆర్తారియా ఆంటన్ హాల్మ్ అను సంగీతకారునికి పని అప్పగించాడు. హాల్మ్ వాయించువారి చేతులు ఒకదానికొకటి అడ్డురాకుండునట్లు స్వరధారలను విరిచి, ఒకరి భాగములోనివి మరొకరికి పంచాడు. బీథోవెన్‌కు ఇది నచ్చలేదు. గొంతులు విరిగితే ఫ్యూగ్ ఎక్కడిది? రోగముతోను, ఇంటి సమస్యలతోను సతమతమగుచున్న ఆ 1826లోనే కూర్చొని మొదటి నుండి చివరి వరకు మరల తానే వ్రాసినాడు. 134వ సంఖ్యతో అది అచ్చయి వెలువడునప్పటికి ఆయన మరణించి కొన్ని వారములైనది. పామర్ కళాశాల బీరువాలో దొరికినది ఈ ప్రతియే.

చెరిపివేతలు

ఈ ప్రతి చిత్రములు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చును. సంగీతము చదువరాని కాపరులు సైతము ఒకసారి చూడవలెనని మా మనవి. శుభ్రమైన ప్రతి కాదది. వరుసలకు వరుసలు అడ్డగీతలతో కొట్టివేయబడినవి. తడి ఆరకముందే సిరాను తుడిచివేసిన మరకలు. కత్తితోనో సూదితోనో గీకి గీకి కాగితమునకు చిల్లులు పడిన చోట్లు. గీకుట చాలనిచోట కొత్త కాగితపు ముక్క పెట్టి లక్కతో అతికించిన పుటలు. ఉద్రేకము పెరిగేకొద్దీ అక్షరములు పెద్దవైపోవుట. కొన్నిచోట్ల ఏ స్వరమునకు ఏ వ్రేలు వాడవలెనో అంకెలు వేసి చూపించాడు. చెవులు వినబడని మనిషి వాయించువారి వ్రేళ్ళను గూర్చి అంత ఆలోచించాడన్నమాట.

దీనిని చూచి బీథోవెన్‌ను భక్తునిగా చిత్రించు ప్రసంగములు కొన్ని ఉన్నవి. మేము ఆ దారిని పోదలచుకోలేదు. ఈ ఫ్యూగ్ ఆరాధన కొరకు వ్రాయబడినది కాదు. దానిలో సువార్తను వెదకువాడు తాను దాచిపెట్టిన దానినే తాను కనుగొంటాడు. అయితే ప్రేరణను గూర్చి మన సంఘములలో ప్రబలియున్న ఒక అపోహకు ఈ కాగితములు గట్టి జవాబు. దేవుడు ఇచ్చిన మాటకు సిద్ధపాటు అక్కరలేదనియు, ముందుగా వ్రాసుకొనినది ఆత్మకు ఆటంకమనియు చెప్పువారు మనలో చాలామంది. అధికారుల యెదుట నిలువబడు శిష్యులకు ప్రభువు ఇచ్చిన వాగ్దానమును (మత్తయి 10:19) వీరు ఆదివారపు ప్రసంగమునకు అన్వయించి, శనివారము రాత్రి హాయిగా నిద్రపోతారు. లూకా తన సువార్త ఆరంభములో చెప్పుకొనినది ఏమిటి? అన్నిటిని మొదటి నుండి తరచి తెలిసికొని వరుసగా వ్రాయుచున్నానని (లూకా 1:1-4). యిర్మీయా 36వ అధ్యాయములో యెహోయాకీము చాకుతో కోసి కాల్చివేసిన గ్రంథమును బారూకు రెండవమారు వ్రాయవలసి వచ్చింది. రెండవ ప్రతిలో మొదటిదానికంటె ఎక్కువ మాటలు చేరినవి. ఆ రాజు చాకు వాక్యమును నాశనము చేయుటకు పట్టినది. వ్రాయువాడు తన వ్రాతను సరిదిద్దుటకు పట్టిన చాకు వేరు. ప్రసంగ శాస్త్రము బోధించువారు ఈ రెంటి భేదమును తరగతిలో ఒక గంట చర్చించినా వృథా కాదు.

కొన్నవాడు ఎవరు?

ఈ ఉదంతములో పత్రికలు ఒకటి రెండు వాక్యములతో దాటవేసిన మనిషి మాకు అందరికంటె ముఖ్యుడు. విలియం హోవర్డ్ డోన్ (1832-1915). అమెరికాలోని సిన్సినాటి నగరములో కొయ్యపని యంత్రములు తయారుచేయు జె. ఎ. ఫే కంపెనీకి అధిపతి, ధనవంతుడు, అదే నగరములో మౌంట్ ఆబర్న్ బాప్టిస్టు సంఘపు సండేస్కూలుకు సూపరింటెండెంటు. జర్మన్ సంగీత వ్రాతప్రతులను సేకరించుట ఆయన అభిరుచి. బెర్లిన్ వేలము తరువాత ఫ్యూగ్ ప్రతి ఈయన సేకరణలోనికి చేరింది. ఆయన కుమార్తె మార్గరీట్ ట్రీట్ డోన్ 1950 ప్రాంతములో తండ్రి జ్ఞాపకార్థముగా ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ బాప్టిస్టు వేదాంత కళాశాలకు ప్రార్థనాలయము కట్టుటకు విరాళమిచ్చారు. డోన్ గారి ప్రతులు ఆ కుటుంబము ద్వారానే అక్కడికి చేరినవి. 1925లో స్థాపించబడిన ఆ కళాశాలయే 2005లో పామర్ అని పేరు మార్చుకున్నది. ఈ మార్గరీట్ గారు, ఆమె సహోదరి ఐడా గారు కలిసి 1922లో న్యూజెర్సీ రాష్ట్రమున వెంట్నర్ పట్టణములో సెలవుపై వచ్చిన మిషనెరీల కొరకు వసతి గృహములు ఏర్పాటు చేసినవారు కూడ.

డోన్ గారి పేరు తెలుగు విశ్వాసులకు తెలియదు గాని ఆయన స్వరములు వారికి కంఠస్థము. అంధురాలైన ఫానీ క్రాస్బీ (1820-1915) వ్రాసిన అనేక గీతములకు బాణీ కట్టినవాడు ఈయనే. 1868లో ఒకనాడు రైలుకు నలభై నిమిషములు వ్యవధి ఉండగా ఆమె ఇంటికి వచ్చి తాను కట్టిన బాణీని వినిపించగా, ఆమె వెంటనే ‘సేఫ్ ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ జీసస్’ అను గీతమును చెప్పి వ్రాయించినదని ప్రసిద్ధి. ‘పాస్ మీ నాట్’, ‘రెస్క్యూ ది పెరిషింగ్’, ‘నియర్ ది క్రాస్’, ‘టు గాడ్ బి ది గ్లోరీ’ అన్నియు ఈ జంటవే. ఒంగోలులో క్లౌ దొరగారు పరిచర్య చేయుచు, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగిన కాలమూ, ఈ గీతములు పుట్టిన కాలమూ ఒక్కటే. మిషనెరీల వెంట అవి మన దేశమునకు వచ్చినవి. తెలుగు మాటలతో మన సమాధుల యొద్ద, సువార్త కూటములలో నేటికీ పాడబడుచున్నవి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉన్నది. రెండువేలకు పైగా తేలిక బాణీలు కట్టిన మనిషి, తన కాలములో ఎవరికీ అర్థము కాని అత్యంత కఠిన సంగీతమును కొని దాచుకొనుట ఏమి? సంగీత విమర్శకులలో కొందరు డోన్, శాంకీ వంటివారి గీతములను చక్కెర పాకము వంటివని తీసిపారవేస్తారు. వారి విమర్శలో సత్యము లేకపోలేదు. డోన్ బాణీలలో చాలావరకు మూడే కార్డులు. బేస్ గొంతు ఉన్నచోటనే నిలబడి ఉంటుంది. పల్లవి మరల మరల వస్తుంది. మన పల్లె సంఘములో కీబోర్డు పట్టుకొన్న అబ్బాయి మొదటి నెలలోనే వీటిని వాయించగలుగుటకు కారణమిదే. ఆయన బాణీలలో అధిక భాగము కాలగర్భములో కలిసిపోయినవి, పోవలసినవే. కాని ఆయన ఇంతకంటె తెలియక ఇట్లు వ్రాసినాడని ఇక ఎవరును అనలేరు. మహా ఫ్యూగ్ ఇంట ఉంచుకొని మూడు కార్డులతో వ్రాసినాడంటే, ఎవరి కొరకు వ్రాయుచున్నాడో ఎరిగి వ్రాసినాడని మేము తలంచుచున్నాము.

1 కొరింథీయులకు 14వ అధ్యాయములో అపొస్తలుడు పిల్లనగ్రోవిని, వీణను ఉదాహరణగా తీసికొంటాడు. స్వరముల మధ్య భేదము కలుగనియెడల ఏది ఊదబడుచున్నదో వినువానికి ఎట్లు తెలియునని ఆయన వాదము. సాధారణముగా దీనిని భాషల వరమును గూర్చి మాత్రమే బోధిస్తాము. అయితే అక్కడ కొలత వరము గొప్పదనము కాదు, సంఘము క్షేమాభివృద్ధి. పౌలు భాషలను కొట్టివేయలేదు. తాను అందరికంటె ఎక్కువగా భాషలతో మాటలాడుచున్నానని చెప్పి, సంఘములో మాత్రము అర్థమగు అయిదు మాటలనే కోరుకున్నాడు. డోన్ గారి ఇంటిలో ఉన్నది ఫ్యూగ్. సండేస్కూలులో పాడించినది పాట. ఈ రెంటినీ ఒక్కడే ప్రేమించవచ్చునని ఆయన జీవితము చూపుచున్నది. ఫ్యూగ్‌ను ఎరిగిన కారణముచేత పాటను చులకన చేయువాడును, పాట చాలునని ఫ్యూగ్‌ను నిందించువాడును ఇద్దరూ ఈ విషయములో పౌలుతో ఏకీభవించనివారే. మన యొద్ద ఇదే తగవు మరొక రూపములో ఉన్నది. రాగతాళములు తెలిసిన కీర్తనలు పాత తరమువారివని యౌవనులు, కీబోర్డు పాటలు వట్టి శబ్దమని పెద్దలు.

అమ్మకము

ఇక అమ్మకమును గూర్చి. ఇది ఆ కళాశాలకు మొదటిసారి కాదు. 1990లో అక్కడి ఇనుప పెట్టెలో మొజార్ట్ స్వహస్తముతో వ్రాసిన సి మైనర్ ఫాంటాసియా, సొనాటా ప్రతి బయటపడింది. అదియు డోన్ గారి సేకరణలోనిదే. దానిని అదే సంవత్సరము వేలములో అమ్మగా సుమారు పదిహేడు లక్షల డాలర్లు వచ్చినవి. ఇప్పుడది మొజార్ట్ జన్మస్థలమైన సాల్జ్‌బర్గ్‌లో ఉన్నది.

అమ్ముటను తప్పుబట్టువారు మార్కు 14వ అధ్యాయమును తలక్రిందులుగా వాడుతారు: అచ్చజటామాంసి అత్తరును అమ్మి బీదలకు ఇయ్యవలసినదన్నవారిని ప్రభువు మందలించెను గదా అని. మాకు ఈ అన్వయము సమ్మతము కాదు. ఆ స్త్రీ తన అత్తరును ఆయన కొరకు కుమ్మరించింది; బీరువా అడుగు అరలో మరచిపోలేదు. వాడబడక మరువబడిన వస్తువును గూర్చి ఆ వాక్యభాగము ఏమియు చెప్పదు. చిన్న కళాశాల అంత విలువగల ప్రతిని కాపాడుటకు తగిన గది, తగిన భద్రత, భీమా ఏర్పరచుకొనవలెనంటే అయ్యే ఖర్చు తక్కువ కాదు. ఆ సొమ్ము వేదాంత విద్యకు ఉపయోగపడుట దాత కుటుంబపు ఉద్దేశమునకు విరోధమును కాదు. కాబట్టి అమ్మకమును మేము తప్పుపట్టము.

తప్పుపట్టవలసినది అంతకు ముందు సంగతిని. 1990లో మొజార్ట్ దొరికినప్పుడే డోన్ గారి సేకరణ ఎంతటిదో తెలిసినది. ఆ దినముననే బీరువాలన్నిటినీ తెరచి, ప్రతి కాగితమునకు సంఖ్య వేసి, జాబితా వ్రాసియుంటే బీథోవెన్ మరి పదిహేను సంవత్సరములు అడుగు అరలో ఉండవలసిన పని లేదు. 2 రాజులు 22లో హిల్కీయా దేవాలయములో ధర్మశాస్త్ర గ్రంథమును కనుగొన్నప్పుడు యోషీయా సంతోషించి ఊరుకొనలేదు, బట్టలు చింపుకొన్నాడు. దేవుని మందిరములోనే దేవుని గ్రంథము పోయినదంటే దొరికినందుకు పండుగ చేయుటకంటె పోగొట్టినందుకు దుఃఖించుట ముందు. సంగీత ప్రతిని ధర్మశాస్త్రముతో సమానము చేయుట లేదు. కనుగొనుటను గూర్చిన మన వైఖరిని మాత్రమే పోల్చుచున్నాము.

ఇంకొక సంగతి మమ్ము కలవరపెట్టుచున్నది. వేలములో కొన్న బ్రూస్ కోవ్‌నర్ అను ధనికుడు 2006లో దానిని మరి వందకు పైగా ప్రతులతో కలిపి న్యూయార్కులోని జూలియార్డ్ సంగీత కళాశాలకు దానముగా ఇచ్చాడు. జూలియార్డ్ వారు పుట పుటకు చిత్రములు తీసి ప్రపంచమంతటికీ ఉచితముగా తెరిచిపెట్టారు. ఒక మూలన దాగియున్న దీపమును స్తంభము మీద పెట్టినవారు కళాశాల పెద్దలు కారు, వ్యాపారి ఒకడు. క్రైస్తవ సంస్థ యొద్ద ఉన్న యాభై యేండ్లలో చూచినవారికంటె, బయటికి పోయిన తరువాత మొదటి సంవత్సరములోనే చూచినవారు ఎక్కువ.

మన బీరువాలు

దూరదేశపు కళాశాలను విమర్శించుట సులభము. మన సంఘముల బీరువాలలో ఏమున్నవి? బాప్తిస్మపు రిజిస్టర్లు, పెండ్లి రిజిస్టర్లు, కమిటీల మినిట్స్ పుస్తకములు, మిషనెరీల ఉత్తరములు, పాత ఉపదేశుల నోటు పుస్తకములు. ఒక కుటుంబము ఏ సంవత్సరములో, ఏ ఊరిలో, ఏ కులపు పేటలో నుండి ప్రభువు నొద్దకు వచ్చినదో చెప్పగల సాక్ష్యము ఆ రిజిస్టర్లలో తప్ప మరెక్కడా లేదు. చెదపురుగులకు, వర్షపు నీటికి, క్రొత్త గుడి కట్టుచున్నప్పుడు పాత గది ఖాళీ చేయు ఉత్సాహమునకు అవి బలియగుచున్నవి.

కీర్తనల సంగతి ఇంకను విచారకరము. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలుకొని మన కీర్తనకారులు వ్రాసిన వాటికి ముద్రిత పుస్తకములలో పైన రాగము, తాళము పేర్లు మాత్రమే ఉంటాయి, స్వరము ఉండదు. పాడు విధానము గురువు నోటి నుండి శిష్యుని చెవికి వచ్చినది. ఆ రాగముతో, ఆ గమకముతో పాడగల వృద్ధుడు మరణించిన దినమున ఆ బాణీ అతనితో సమాధి అగును. బీథోవెన్ స్వరము కాగితము మీద ఉన్నది గనుక నూటపదిహేను సంవత్సరముల తరువాత దొరికినది. మన బాణీలు కాగితము మీద లేవు. ఏ బీరువా తెరచినా అవి దొరకవు.

మా సూచన ఒకటే. బి.డి. విద్యార్థులు ఆఖరి సంవత్సరములో వ్రాయు పరిశోధన పత్రములలో సగము ఇంగ్లీషు గ్రంథముల సారాంశములే. వాటికి బదులుగా, కోరిన విద్యార్థికి తన స్వంత సంఘపు బీరువాలోని కాగితములన్నిటి జాబితా వ్రాసి, ముఖ్యమైన పుటలకు ఫోనుతోనే చిత్రములు తీసి, ఆ ఊరిలో కీర్తనలు ఎరిగిన ఒక వృద్ధుని చేత పది కీర్తనలు పాడించి రికార్డు చేసి సమర్పించుటకు అనుమతి ఇయ్యవలెను. జాబితా ప్రతి ఒకటి సంఘము యొద్ద, ఒకటి కళాశాల గ్రంథాలయములో ఉండవలెను. ఇందుకు ఖర్చు ఏమియు లేదు. పాఠ్యప్రణాళికా సంఘము ఒప్పుకొనుటయే కావలెను. రాబోవు విద్యా సంవత్సరమునకు ముందే అధ్యాపకులు ఈ విషయమును చర్చకు తేవలెనని కోరుచున్నాము.